మల్లేశ్వరి గరిటె

చీరాల మగ్గాల వీధిలో మల్లేశ్వరి ఇంట్లో భోజనానికి కూర్చున్నవాళ్ళు "చాలు" అనకూడదు. అంటే ఇంకో గరిటె పడుతుంది. నూలు దింపడానికొచ్చిన మనిషైనా, కరెంటు మీటరు చూసిపోయే మనిషైనా కంచం ముందు కూర్చోవాల్సిందే. ఆవిడ చేతికి ఎముక లేదని వీధంతా అంటారు. ఆ మాట చెవిన పడిన రోజున కూరలో నూనె ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

కోడలు సాయిలక్ష్మి కాపురానికి వచ్చేనాటికే ఒళ్ళున్న పిల్ల. అయిదేళ్ళుగా అత్తగారి వడ్డన తిని ఇంకొంచెం నిండింది. మొదటిసారి నెల తప్పినప్పుడు వేవిళ్ళతో మెతుకు ముట్టలేదు. నాలుగో నెలలో కడుపు పోయింది. తిండి తినకపోవడం వల్ల కాదమ్మా అని డాక్టర్ శరణ్య ఎంత చెప్పినా మల్లేశ్వరి తల ఊపిందే గానీ నమ్మలేదు. ఊరందరికీ పెట్టిన తను సొంత మనవడికో మనవరాలికో పెట్టలేకపోయానని లోలోపల కుమిలిపోయింది. అందుకే రెండోసారి నెల తప్పగానే ఇద్దరి తిండి తినాలంటూ కోడలి వెంటపడింది.

ఆస్పత్రిలో కాటా మీద సాయిలక్ష్మి తొంభై రెండు కిలోలు తూగింది. ఇప్పుడు బరువు తగ్గించే ప్రయత్నాలేవీ వద్దనీ, పస్తులు అసలే వద్దనీ, కాకపోతే కాన్పు లోపల అయిదు నుంచి తొమ్మిది కిలోలకి మించి పెరగకుండా చూసుకోవాలనీ డాక్టర్ చెప్పింది. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినాలి, రోజూ అరగంట నడవాలి, బీపీ, షుగరు చూపించుకుంటూ ఉండాలి. మల్లేశ్వరికి ఒళ్ళు మండింది.

"కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులాగుండాలంటే ఎట్టా డాక్టరమ్మా?" అంది.

డాక్టర్ నవ్వి మందులు రాసిచ్చింది.

నడవడానికి సాయిలక్ష్మికి సిగ్గు. ఇంత ఒళ్ళేసుకుని రోడ్డు మీద చేతులూపుకుంటూ తిరిగితే నలుగురూ నవ్వుతారని ఆ పిల్ల బెంగ. దానికి మొగుడు శివనాగరాజే ఉపాయం చెప్పాడు. చీరకి నిలువునా పడే దారాలన్నిటినీ, అంటే పడుగుని, పొద్దున్నే వీధి పొడుగునా సాగదీసి గంజి పట్టిస్తారు. తెగిన పోగులు అతకడానికి ఎవరో ఒకరు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉండాలి. ఆ పని సాయిలక్ష్మి తీసుకుంది. పని మీద తిరిగే ఆడదాన్ని చూసి ఎవడు నవ్వుతాడు? అరగంట నడక ముప్పావుగంట అయినా ఆ పిల్లకి తెలిసేది కాదు.

ఆరో నెలలో పరీక్ష చేస్తే షుగరు ఎక్కువుంది. రెండు వారాలు తిండితో అదుపు చేసి చూద్దాం, తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం, దానికేం భయపడొద్దు అంది డాక్టర్. మల్లేశ్వరి భయపడింది. ఇంటికి రాగానే పంచదార డబ్బా పక్కింటికి ఇచ్చేసింది. అన్నం సగానికి తగ్గించింది. పాపం పిల్ల నీరసపడిపోతుందని రోజుకి మూడు పూటలా రాగిజావ కాచి, అందులో ఇంతేసి తాటిబెల్లం ముక్క కరిగించి, దగ్గర కూర్చుని తాగించింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

రెండు వారాలకి షుగరు తగ్గకపోగా పెరిగింది. సాయిలక్ష్మి డాక్టర్ ముందే ఏడ్చేసింది. "అన్నీ మానేశా. రోజూ నడిచా. నా ఒళ్ళే నా బిడ్డకి శత్రువైపోయింది," అంది.

డాక్టర్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఏమేం తింటున్నారో చెప్పమంది. మల్లేశ్వరి గర్వంగానే చెప్పుకొచ్చింది. తాటిబెల్లం దగ్గర డాక్టర్ ఆపింది. రక్తంలోకి వెళ్ళాక బెల్లమైనా, తాటిబెల్లమైనా, పంచదారైనా ఒకటేనంది. ఇంకొక్క వారం చూద్దామంది. కోపంగా ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదనిపించింది మల్లేశ్వరికి. ఇల్లు చేరాక కోడలి పక్కన కూర్చుని, "తప్పు నీ ఒంటిది కాదమ్మాయ్, నా చేతిది," అంది.

ఆ రోజు నుంచి జావలో బెల్లం పోయి మజ్జిగ వచ్చింది. పూటకో గరిటె అన్నం, కంచం నిండా ఆకుకూర పప్పు, సాయంత్రానికి ఉడికించిన శనగలు. వారానికి షుగరు దిగింది.

ఏడో నెలలో ఒడి నింపే వేడుకకి మంగళగిరి నుంచి పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చారు. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి కలిపిన ముద్ద, బిందెడు. ఒళ్ళో పెట్టి, ఆపైన వచ్చిన ప్రతి ముత్తయిదువా ఇంత నోట్లో పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ముందుగా పుట్టింటి పెద్దావిడ చెయ్యి సాయిలక్ష్మి నోటి దాకా వచ్చేసరికి మల్లేశ్వరి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఒళ్ళో పెట్టండి వదినా, కడుపు చల్లగుండాలని దీవించండి. నోట్లో మాత్రం పెట్టొద్దు."

పెద్దావిడ మొహం మాడిపోయింది. ఎముక లేని చేతికి ఇప్పుడు ఎముక మొలిచిందని ఎవరో వినపడేట్టే అన్నారు. ఆ చేతి పేరే ఆస్తిగా బతికిన మల్లేశ్వరికి ఆ మాట చురుక్కుమంది. అయినా చలిమిడంతా తలా ఒక ముద్ద పంచేసింది.

అందరూ వెళ్ళాక సాయిలక్ష్మి, "చింతగింజంత పెట్టండి అత్తయ్యా, మీ చేత్తో," అంది. మల్లేశ్వరి బిందె అడుగున అంటుకున్నదాంట్లోంచి సరిగ్గా అంతే గిల్లి పెట్టింది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. తల్లికీ బిడ్డకీ ఏ ఇబ్బందీ లేదు. మూడు కిలోలని నర్సు చెబితే, ఇంకాస్త బొద్దుగా ఉంటే బాగుండేదని మంగళగిరి పెద్దావిడ నసిగింది. మల్లేశ్వరి మనవరాలిని గుండెకి హత్తుకుని కళ్ళు మూసుకుంది. అరవై ఏళ్ళలో ఎవరి నోటా విననొప్పుకోని మాట ఆవిడే అంది.

"చాలు తల్లీ. చాలు."