కిల్వా ఓడకు భావనపాడు కుట్టు

శ్రీకాకుళంలో ఒక చిన్న మ్యూజియానికి అసిస్టెంట్ క్యూరేటరుగా నన్ను బదిలీ చేసింది ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం. నాకు అప్పగించిన పని సముద్ర వాణిజ్యం మీద కొత్త గ్యాలరీ. అందులో ఒక గది ఆఫ్రికా తూర్పు తీరానిది. మధ్యయుగాల్లో అక్కడ కిల్వా అనే ద్వీప నగరాన్ని సుల్తానులు ఏలారు. లోపలి పీఠభూమి నుంచి సొఫాలా రేవుకు వచ్చిన బంగారం, ఏనుగు దంతం కిల్వా వర్తకుల చేతుల మీదుగా సముద్రం దాటేవి. మన దేశపు నూలు బట్ట, పూసలు అక్కడికి వెళ్లేవి. ఆ తీరంలో సరుకు మోసిన ఓడల్లో ఒక రకం పేరు మ్తేపే. దానికి ఇనుప మేకులు ఉండవు. చెక్కలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు.

అసలు వస్తువు దొరకనప్పుడు మ్యూజియంలో పెట్టే నమూనాను రెప్లికా అంటారు. చూపుకు అసలుదానిలా ఉంటే చాలదు, తయారీ పద్ధతి కూడా అదే అయి ఉండాలి. చీపురుపల్లి నుంచి వచ్చిన వడ్రంగి ముచ్చటైన పడవే చేశాడు గాని, లోపల మేకులు కొట్టి పైన తాడు అతికించాడు. నేను తిప్పి పంపేశాను. గ్యాలరీ పనులను ఆమోదించే పరిశీలన సంఘానికి పెద్ద అయిన జాయింట్ డైరెక్టరు గారికి అది నచ్చలేదు. కుట్టిన పడవ సముద్రానికి ఆగదనీ, దసరాలోగా రుజువు చూపకపోతే ఆఫ్రికా గదిని తీసేసి ఫొటోలు పెట్టిస్తాననీ ఫైలులో రాశారు. దాని కింద నేను సంతకం చేయాల్సి వచ్చింది.

మన తీరంలోనూ ఒకప్పుడు కుట్టు పడవలుండేవని చదివాను. కళింగపట్నం నుంచి మొదలుపెట్టి ఒక్కో పల్లె అడుగుతూ పోయాను. అన్నిచోట్లా ఫైబరు బోట్లే. చివరికి భావనపాడులో దానయ్య అనే డెబ్బై దాటిన మనిషిని చూపించారు. చిన్నప్పుడు తండ్రితో మొదలుపెట్టి చాలా ఏళ్లు పడవలు కుట్టినవాడు. వలకు సీసం గుళ్లు కడుతూ నా మాటంతా విన్నాడు.

"మేకులు నేకపోతే నిలవదని సెప్పినోడు ఎవుడమ్మా? ఎప్పుడైనా కెరటం మీదికెల్లాడా?" అని అడిగాడు. "కెరటం కొడితే సెక్క ఒంగాల. తాడు ఒంగనిస్తాది. మేకు ఒంగనీదు, ఇరిచేస్తాది."

పుస్తకాల్లో మ్తేపే కొలతలు దొరికాయి గాని, ఈ కారణం నాకు ఎక్కడా కనబడలేదు.

కిల్వా పడవ బొమ్మలు అతని ముందు పరిచాను. ముక్కు ఆకారం చూసి నవ్వాడు. కుట్టు గీతలు చూడగానే నవ్వు ఆపి, "ఈలెవులు? మనోలేనా?" అన్నాడు. కాదు, సముద్రానికి అవతలి ఒడ్డువాళ్లని చెప్పాను. రెండు తీరాల కుట్టూ ఒకటేనని నేను అనను. తేడాలున్నాయి. వాటిని దానయ్యే ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూపించాడు. అతని భార్య నూకమ్మ మాత్రం, "ఇరవయ్యేళ్లయి సూది ముట్టనేదు. ఇప్పుడు పదిమందిలో నవ్వులపాలవుతావేటి?" అని కసిరింది. మర్నాడు వెళ్లేసరికి ఆవిడే పీచు నానబెట్టి తాడు పేనుతోంది.

రెండు నెలలు పట్టింది. పుస్తకాల్లోని కొలతలకు చెక్కలు కోసి, అంచుల వెంట కన్నాలు తొలిచి, అతుకు మీద ఎండుగడ్డి పరిచి, తేడా ఉన్నచోట కిల్వా బొమ్మల ప్రకారమే తాడు బిగించి కుట్టారు. ప్రతి దశనూ ఫొటో తీసి నివేదికలో చేర్చాను.

దసరాకు వారం ముందు, ఉదయం తొమ్మిదింటికి, జాయింట్ డైరెక్టరు గారు సంఘం సభ్యులతో ఒడ్డుకు వచ్చారు. దానయ్య మరో ముగ్గురితో పడవను నీటిలోకి తోసి ఎక్కాడు. కాసేపటికే అడుగున నీరు ఊరింది, చీలమండ దాకా వచ్చింది. ఆపేయమని డైరెక్టరు గారు గట్టిగా అరిచారు.

"నాననియ్యి బావూ! తాడు నానితే బిగుస్తాది!" అని దానయ్య అక్కడి నుంచే కేక వేశాడు.

వాళ్లు నీరు తోడి పోశారు. మళ్లీ తోడారు. మూడోసారి తోడడానికి నీరు లేదు. తెడ్లు పడ్డాయి. మొదటి కెరటం మీద పడవ ముక్కు లేచింది, రెండోదాని మీద ఒళ్లంతా వంగి సర్దుకుంది, మూడోది దాటి నిమ్మళంగా నీటి మీద నిలిచింది. తిరిగి వచ్చేటప్పుడు పెద్ద కెరటం దాన్ని ఎత్తి ఇసుక మీద దబ్బున పడేసింది. ఊరంతా అక్కడే ఉంది. డైరెక్టరు గారు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, పడవలోకి దిగి ఒక్కో అతుకూ చేత్తో తడిమారు. ఒక్క చెక్క కదలలేదు. జనం ఈలలు వేశారు. "మా ఓడు కుట్టిందది!" అని నూకమ్మ అందరికీ వినబడేలా అంది. నేనూ ఎగిరి చప్పట్లు కొట్టాను. ఉద్యోగంలో ఉండగా బహిరంగంగా అలా చేసింది అదొక్కసారే.

ఆఫ్రికా గది నిలిచింది. రెప్లికా లేబులు మీద తయారీదారు పేరు రాసే ఆనవాయితీ మా శాఖలో లేదు. దానయ్య పేరు ఉండాలని నేను నోట్ పెడితే, డైరెక్టరు గారు ఆ పూటే ఆమోదించారు. గ్యాలరీ ప్రారంభం రోజున దానయ్య దంపతులు ముందు వరుసలో కూర్చున్నారు.

ఒక పాత వస్తువు గురించి తెలుసుకోవాలంటే, అలాంటి పనిని చేతులతో చేసినవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా అని ముందు వెతకాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆ తర్వాత నేను పంపిన ప్రతి రెప్లికా ప్రతిపాదనలోనూ నిపుణుల జాబితాలో మొదటి పేరు అలాంటి పనివాడిదే. ఒక్కటి కూడా తిరిగి రాలేదు.