మడత స్టూలు మావయ్య

మా మావయ్యకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కూర్చోవడం.

అందులో పిచ్చేముంది, మేమూ కూర్చుంటాం అంటారేమో. మీరు అలిసిపోయి కూర్చుంటారు. ఆయన పాడైపోయిన వస్తువు ఎదురుగా మడత స్టూలు వేసుకుని కూర్చుంటాడు. అది తన తప్పు తానే ఒప్పుకునేదాకా లేవడు.

ఆయన మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆయన షాపుకీ నా జిరాక్స్ షాపుకీ మధ్య గోడ ఒకటే. నాకు ఆయన వరసకి ఏమీ కాడు. చిన్నప్పట్నించీ వాళ్ల మేనకోడలు 'మావయ్యా, మావయ్యా' అని వీధంతా వినబడేలా పిలవడంతో అందరికీ అదే అలవాటైపోయింది. ఆయన మాత్రం నన్ను 'జిరాక్సూ' అంటాడు. నాకో పేరుందని ఆయనకి తెలుసో తెలీదో నాకిప్పటికీ అనుమానమే.

పాడైన వస్తువుని షాపుకి తెస్తే ముట్టుకోడు. "మీ ఇంటికొస్తా, అక్కడ పెట్టండి" అంటాడు.

"ఇక్కడే చూడొచ్చు కదా మావయ్యా?"

"ఇక్కడ అది తప్పు చెయ్యదు జిరాక్సూ. మెకానిక్ ఎదుట ఏ మెషీనైనా పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఒద్దికగా ఉంటుంది. అసలు బుద్ధులు ఇంట్లోనే బయటపడతాయి."

అందుకే ఆయన షాపు తెరిచి ఉండటం కంటే మూసి ఉండటమే ఎక్కువ. తాళం మీద అట్టముక్క వేలాడుతుంటుంది: 'కూర్చోడానికి వెళ్లాను.' కొత్తవాళ్లు అది చదివి నా షాపులోకి తొంగిచూసి, "ఎక్కడ కూర్చున్నాడండీ?" అని అడుగుతారు. వాళ్లకి దారి చెప్పడం నా రెండో ఉద్యోగం.

నేను షాపు పెట్టిన కొత్తలో నా మెషీన్ ఉండుండి కాగితం మీద నిలువునా ఒక నల్లగీత గీసేది. కంపెనీ మనిషి రెండుసార్లొచ్చి, "ఏం లేదండీ, బానే ఉంది" అని వెళ్లిపోయాడు. మావయ్య స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. మూడు గంటలు! కదలడు, మెదలడు. నేను తెల్లకాగితాలు కాపీ తీస్తూనే ఉన్నాను. చివరికి లేచి, "పక్క బిల్డింగ్‌లో లిఫ్ట్ కదిలినప్పుడల్లా నీకు గీత పడుతోంది" అని తేల్చాడు.

'ఏం లేదు' అనే మాట వింటే మాత్రం ఆయనకి ఒళ్లు మండిపోతుంది. "ఏం లేదు అనేది రోగం పేరు కాదు, మెకానిక్ బద్ధకం పేరు" అంటాడు.

ఆయన దగ్గరో నోటుబుక్కుంది. కూర్చున్నంతసేపూ జరిగిందల్లా టైముతో సహా అందులో ఎక్కుతుంది. ఒకసారి ఒక జంట ఇంట్లో వాషింగ్ మెషీన్ నడుచుకుంటూ గుమ్మం దాకా వస్తోందంటే వెళ్లాడు. ఈయన ఎదుటే వాళ్లిద్దరికీ రేగింది. ఇంకెవరైనా అయితే చల్లగా జారుకుంటారు. ఈయన రాసుకుంటూ కూర్చున్నాడు. '10:20, భర్త తడి తువ్వాలు మంచం మీద వేశాడు. 10:21, భార్య మొదలైంది. 10:22, మెషీన్ మొదలైంది.' తర్వాత ఆ పేజీ వాళ్లకే చదివి వినిపించాడట. ఇద్దరూ నవ్వలేక చచ్చారు.

ఇలాంటి మనిషి చెవిన, ఒకరోజు, తన సొంత మేనకోడలి గురించి 'ఏం లేదు' అనే మాట పడింది.

ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్లు. మునిసిపల్ ఈతకొలనులో చిన్నపిల్లలకి ఈత నేర్పుతుంది. నీళ్లలో చేపపిల్ల, గట్టున గంతులపిల్ల. అలాంటిది, నాలుగు నెలల్లో మూడుసార్లు ఉన్నట్టుండి గుండె దడదడలాడటం, కళ్లు తిరగడం. మూడుసార్లూ ఆస్పత్రికి పరిగెత్తారు. వెళ్లేలోపు గుండె బుద్ధిగా మామూలైపోయింది. ఈసీజీ తీస్తే శుభ్రంగా ఉంది. "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు.

ఇక ఇంట్లో ప్రతివాళ్లూ డాక్టర్లే. అమ్మ, "ఆ ఫోను చూడటం మానెయ్" అంది. నాన్న, "టిఫిన్ తినకుండా పోతావు, మరి దడ రాదూ?" అన్నాడు. కొలను మేనేజరు, "పిల్లల్ని నీ చేతుల్లో పెడుతున్నాం, ఏదైనా అయితే ఎవరిది పూచీ?" అని ఆమెని నీళ్లలోంచి తీసి టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. రెండు నెలలు చూస్తాను, తర్వాత ఆ ఉద్యోగానికి వేరే మనిషిని చూసుకుంటానన్నాడు.

ఆ పిల్ల మావయ్య షాపుకొచ్చి, పాత ఫ్రిజ్ మీదకెక్కి కూర్చుని, "నాకే పిచ్చేమో మావయ్యా. దడొస్తుందేమోనని భయం, భయపడితే దడొస్తుందేమోనని ఇంకో భయం. అందరూ ఏం లేదంటున్నారు" అంది. నేను గోడ ఇవతల కాపీలు తీయడం ఆపేసి మరీ విన్నాను. ఒప్పుకుంటున్నాను.

మావయ్య ఒకటే అడిగాడు. "మెల్లగా పెరుగుతుందా, టక్కున పడుతుందా?"

"టక్కున."

"ఆగేటప్పుడు?"

"అదీ టక్కునే. ఎందుకు?"

"భయం ఫ్యాను లాంటిదే. స్విచ్ తీసినా కాసేపు తిరిగి గానీ ఆగదు. నువ్వు చెప్పేది లైటు. ఎవరూ అడగలేదా ఈ మాట?"

"లేదు."

"నేను మిక్సీల వాణ్ణి, గుండె గురించి నాకేం తెలీదు. తెలిసినావిడ దగ్గరికి పోదాం పద. ఊరికే కాదు, రాసుకుని పోదాం."

మూడుసార్లూ ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, అంతకుముందు ఏం చేస్తోంది, అన్నీ రాయించి గుండె డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ ఆ పేజీలు రెండుసార్లు చదివింది. "టక్కున మొదలై టక్కున ఆగుతోందంటే నాకూ అనుమానంగానే ఉంది. కానీ నడుస్తున్నప్పుడు ఈసీజీలో దొరకాలి" అని ఒంటికి తగిలించుకునే మెషీనొకటి ఇచ్చింది. ఆ పిల్ల వారం రోజులు తగిలించుకు తిరిగింది. ఆ వారం గుండె గడియారంలా కొట్టుకుంది.

"చెప్పానా, పెళ్లిచూపులు!" అన్నాడు మావయ్య.

"మొదలవగానే ఎక్కడ దగ్గరుంటే అక్కడ ఈసీజీ తీయించండి" అంది డాక్టరమ్మ. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పొచ్చినా ఈ కాపలా కాయడాలేం వద్దు, నేరుగా అంబులెన్స్."

మర్నాడు మావయ్య షాపుకి అట్టముక్క వేలాడింది. దాని వెనకాల ఇంకో ముక్క అతికించి ఉంది: 'చాలా రోజులు.'

కొలను గేటుకి ఎదురుగా రోడ్డవతల చిన్న క్లినిక్కుంది. మావయ్య అడుగులు లెక్కపెట్టాడు. రెండు వందల పది. "నడిపిస్తే మూడున్నర నిమిషాలు, పరిగెత్తించకూడదు, ఎత్తుకోలేను" అని ఆలోచించి, కొలనులో తువ్వాళ్లు మోసే తోపుడుబండికి చక్రాలు బాగుచేశాడు. క్లినిక్ నర్సమ్మ గారి మిక్సీ ముందు ఒక పూట కూర్చుని ఆవిడని మంచి చేసుకున్నాడు. "మెషీన్ ప్లగ్గులో పెట్టే ఉంచుతాను, ఎప్పుడైనా రండి అన్నయ్యగారూ" అందావిడ. ఇక టికెట్ల గది తలుపు పక్కన స్టూలు వేశాడు.

ఎలా వేశాడంటే, వీపు గోడకి అతుక్కుపోయేలా. కొలను అంత దూరంలో ఉంటే, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని మరీ కూర్చునేవాడు. టోపీలు పెట్టుకున్న పిల్లలు వచ్చి ఏడిపించేవాళ్లు.

"తాతగారూ, నీళ్లంటే భయమా?"

"భయమేంట్రా? దగ్గరికొస్తే స్టూలు తుప్పుపడుతుంది."

పద్దెనిమిది రోజులు గడిచాయి. జుట్టు ఆరబెట్టే మెషీన్లు బాగయ్యాయి, గేటు తిరిగింది, మైకు మాట్లాడింది. గుండె ఒక్కటే మొండికేసింది. "ఇంక వద్దు మావయ్యా, నీ షాపు మూతపడేలా ఉంది" అని ఆ పిల్ల బతిమాలింది. "దానికి తొందర లేదు, నాకసలే లేదు" అన్నాడాయన.

పందొమ్మిదో రోజు సాయంత్రం నాలుగింటికి, ఒక తల్లికి టికెట్టు చించి ఇస్తూ ఆగిపోయి, "మావయ్యా... పడింది" అంది.

ఆయన జీవితంలో మొదటిసారి స్టూలు వదిలేసి లేచాడు. ఆ పిల్లని తువ్వాళ్ల మీద కూర్చోబెట్టి బండి తోశాడు. వెనకాల పదిమంది పిల్లలు టోపీలతో, నీళ్లోడుకుంటూ. రోడ్డు మీద బస్సు డ్రైవరు ఆ ఊరేగింపు చూసి బ్రేకేసి, దణ్ణం పెట్టాడట.

బండిలో ఆ పిల్లకి కొత్త భయం పట్టుకుంది. "మావయ్యా, ఆగిపోతుందేమో!"

"ఆగనివ్వకు! రెండు నిమిషాలు ఓపిక పట్టమను దాన్ని!"

క్లినిక్‌లో వరసలో ఉన్న పేషెంట్లందరూ లేచి దారిచ్చారు. సంగతి తెలిసి వాళ్లూ, "ఆగకూడదు, ఆగకూడదు" అని గొణగడం మొదలెట్టారు. ఆస్పత్రిలో ఒకరి దడ తగ్గకూడదని జనం కోరుకోవడం ఎక్కడైనా విన్నారా? నర్సమ్మ తీగలు అంటించింది. మెషీన్ కాగితం కక్కింది. నిమిషానికి నూట తొంభై రెండు.

"దొరికింది!" అని నర్సమ్మ అరిచిన అరుపు నా షాపు దాకా వినబడి ఉండాల్సింది. అందరూ చప్పట్లు. తర్వాత అక్కడి డాక్టరు ఆ పిల్ల చేత ఖాళీ సిరంజిలోకి గట్టిగా ఊదించి, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పట్టుకున్నాడు. ఆగింది. ఎలా? టక్కున.

గంట తర్వాత మావయ్య ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నా షాపులోకొచ్చాడు. "ఈ అచ్చు కొన్నాళ్లకి వెలిసిపోతుందట జిరాక్సూ. అరవై కాపీలు కొట్టు."

"అరవయ్యా? డాక్టరుకి ఒకటి చాలదూ?"

"డాక్టరుకి ఒకటే. మిగతావి 'ఏం లేదు' అన్నవాళ్లకి."

పంచాడండీ! పరీక్ష ఫస్టుక్లాసులో పాసైన పిల్ల మార్కుల కాగితంలా పంచాడు. చెల్లెలికీ బావగారికీ చెరొకటి, కొలను మేనేజరుకి రెండు. "మా పిల్ల అబద్ధం చెప్పలేదు, చూసుకోండి" అని ప్రతివాళ్లకీ వేలు పెట్టి మరీ చూపించాడు. నేను తీసిన లక్షల కాపీల్లో అంత గర్వంగా తీసినవి ఇంకేవీ లేవు.

గుండెలో పుట్టుకతోనే కరెంటుకి ఒక దారి ఎక్కువుందని తేల్చింది డాక్టరమ్మ. తొడ దగ్గర నరంలోంచి తీగ పంపి దాన్ని మూసేశారు. ఆ రోజు ఆస్పత్రి వాచ్‌మన్ స్టూలు చూసి ఆపాడు. "చూడ్డానికి టైమైపోయింది పెద్దాయనా."

"చూడ్డానికి ఎవరొచ్చారు? కూర్చోడానికొచ్చాను."

డాక్టరమ్మ తన దగ్గర నేర్చుకునే కుర్ర డాక్టర్లకి చూపించాలని ఆ నోటుబుక్కు పేజీలు అడిగింది. కాపీ తీయమని మావయ్య పుస్తకం నాకిచ్చాడు. ఊరుకోలేక నా పేజీ వెతికాను. ఇలా ఉంది:

'9:50, లిఫ్ట్ కదిలితే గీత. దొరికింది. 9:55, షాపు కొత్తది. ఖాళీ. మనిషున్న షాపులోకే మనుషులొస్తారు. కూర్చున్నా. 12:40, అయిదో మనిషి వచ్చాడు. లేచా.'

తడి తువ్వాలు జంట పేజీ కూడా తిప్పాను. '10:05, మెషీన్ కాలి కింద బిళ్ల అరిగింది. దొరికింది.' తువ్వాలు ఎగిరింది పావుగంట తర్వాత. చివరి లైను: '11:30, ఇద్దరూ నవ్వారు. లేచా.'

అడుగుదామని వెళ్తే తాళం వేసుంది. అట్టముక్క వేలాడుతోంది. మళ్లీ కొలనుకే!

"పిల్లకి బాగైపోయిందిగా మావయ్యా, ఇంకెందుకు?" అన్నాను కనబడినప్పుడు.

"మెషీన్ బాగైంది. నమ్మకం ఇంకా రిపేర్లోనే ఉంది" అన్నాడు.

నిజమే. డాక్టరమ్మ నీళ్లలోకి దిగొచ్చన్నా ఆ పిల్ల రెండు మెట్లు దిగి, మెడ మీద వేలు పెట్టుకుని చూసుకుని, వెనక్కొచ్చేసేది. ఆయన 'ఏం లేదు' అనలేదు. "ఇవాళ ఎన్ని?" అనడం, రాసుకోవడం. రెండు. మూడు. మూడు. రెండు. అయిదు. ఒక రోజు అంకె లేదు, 'మునిగింది' అని ఉంది. మేనేజరు పెట్టిన గడువుకి నాలుగు రోజులు మిగిలి ఉండగానే పిల్లల్ని మళ్లీ ఆమె చేతికిచ్చాడు.

కొత్త టైమ్‌టేబుల్ కాపీలు ఇవ్వడానికి నేను వెళ్లిన రోజు, ఆ పిల్ల నీళ్లోడుతూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"మావయ్యా, ఇంక నువ్వు లేవొచ్చు. లేచి నీళ్లలోకి దిగు."

"నేనా? స్టూలు తుప్పు..."

"నీకు నీళ్లంటే భయం. రెండు నెలల్నించీ ఊచ పట్టుకుని కూర్చున్నావు. నాకు కనబడదనుకున్నావా?"

మావయ్య మొహం చూడాలి! పెళ్లిచూపుల్లో కూర్చున్నది ఈసారి ఆయన.

"అబ్బే, ఏం లేదు..." అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు.

నేను వస్తుంటే, పిల్లల మడుగులో ప్యాంటు పైకి మడిచి, ఇద్దరు బుడతల చేతులు పట్టుకుని నిలబడి ఉన్నాడు మా మావయ్య. గట్టున మడత స్టూలు మీద మేనకోడలు, చేతిలో నోటుబుక్కు. ఆ పేజీ కాపీ నా షాపు గోడ మీద ఇప్పటికీ ఉంది:

'4:10, మావయ్య మోకాళ్ల దాకా. ఇంకా భయమే. నాకు తొందర లేదు. కూర్చున్నా.'