టిఫిన్ డబ్బాలో ఒంటి ధ్రువం

శ్రావణమాసం, రెండో శుక్రవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. ఆ రోజుల్లో నాకు గడియారం చూడడం వచ్చు, అక్షరాలే రావు. చదువుకున్నవాళ్లంటే గౌరవం ఎంతో, అనుమానమూ అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, నలభై ఆరేళ్ల వయసులో స్పీకర్లు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాను. (ముదిరినా పనిలో నేనే పిల్లవాణ్ణి, నా ఉస్తాదు నాకంటే పదేళ్లు చిన్న.)

పై అంతస్తు కోచింగ్‌లో ఫిజిక్సు చెప్పే గుంటూరు సారు, అంతకు ముందు వారం మైకు ఇవ్వడానికొచ్చి ఒక సంగతి చెప్పారు. "అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకీ ఉత్తరం, దక్షిణం రెండూ ఉంటాయండీ. కరెంటులో ప్లస్సు విడిగా ఉంటుంది, మైనస్సూ విడిగా ఉంటుంది. అయస్కాంతంలో అలా ఒంటి ధ్రువం ఎవరికీ దొరకలేదు. సమీకరణాల్లో దానికి కుర్చీ వేసి ఉంచారు, కూర్చునేవాడే రాలేదు. లోకం మొత్తంలో ఒక్కటున్నా చాలు, విద్యుదావేశం ఎప్పుడూ ఒకే కొలత ముక్కలుగా ఎందుకు దొరుకుతుందో తేలిపోతుంది. పట్టినవాడికి ప్రపంచం దండం పెడుతుంది." ఇంత విలువైన మాట మా దుకాణంలో ఊరికే ఎందుకు చెబుతాడు? మాతో వెతికించి తాను కొట్టేయడానికే అనుకున్నాను.

ఆ శుక్రవారం నా చేతిలోంచి గారెలాంటి స్పీకరు అయస్కాంతం జారి రెండుగా విరిగింది. విరిగినచోటే కలపబోతే కలవవు! ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రెండింటిలోనూ ఒకే ధ్రువం ఉంటేనే కదా తోసుకునేది? ఒంటి ధ్రువం నాకే దొరికిందనుకుని ముక్కల్ని టిఫిన్ డబ్బాలో దాచి, "రేపటి సంది పనికి రాను" అని ఉస్తాదుతో చెప్పేశాను.

"ఏందన్నా, లాటరీ తగిలిందా? ముందుగాల గా ముక్కలియ్యి, అతికియ్యాలె."

"ఇయ్య."

అప్పుడే మైకు కోసం సారు దిగివచ్చారు. చాయ్ అమ్మే అక్కా గ్లాసులతో నిలబడిపోయింది. అనుమానమున్నా గొప్ప చూపించుకోకుండా ఉండలేక మూత కొంచెం తీసి, "దూరంకెల్లే చూడు సారూ, ముట్టొద్దు" అన్నాను.

"ముట్టుకోనండీ. మీరే ఒక ముక్క తిరగేయండి, పెద్దాయనా."

"తిరగేసుడెందుకు? ఏదో మతలబుంది!"

"తిప్పరాదే, ముసలోడా! నా చాయ్ చల్లారుతుంది" అంది అక్క.

తిప్పాను. రెండు ముక్కలూ టప్పున అతుక్కున్నాయి, మధ్యలో నా వేలితో సహా. పైముఖం ఒక ధ్రువమట, కిందిముఖం ఇంకొకటట. రెండింటికీ ఒకే ముఖం పైకి పెట్టి పక్కపక్కన చేరిస్తే తోసుకోక ఏం చేస్తాయి?

కొలువు పోయిందనుకుని తల వంచుకున్నాను. ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఉస్తాదే ముందు నవ్వాపి, "రేపు జర తొందరగ రా అన్నా. ఇరగ్గొట్టినోడే అతికియ్యాలె" అన్నాడు.

ఆ తర్వాత అక్షరాలు నేర్చుకుని, ఫిజిక్సు పుస్తకం కూడబలుక్కుంటూ చదివాను. ఒంటి ధ్రువం ఇంకా దొరకలేదనే ఉంది. వెతికినవాళ్లు సరిగ్గా వెతికారా అని నాకిప్పటికీ అనుమానమే.

ఆ రోజు అక్కడున్నది ఉస్తాదు, గుంటూరు సారు, చాయ్ అక్క, నేను. నవ్వనిది నేనొక్కణ్ణే. ఇది రాస్తుంటే ఇవాళ ఆ లోటూ తీరింది.