నాలుగో స్క్రీను

బందరులో బషీరా తన ఇంటి వెనక రేకుల షెడ్డులో టీషర్టుల మీద బొమ్మలు అచ్చు వేస్తుంది. పదేళ్లు ఒక ప్రెస్సులో పెళ్లికార్డులకు స్క్రీన్ ప్రింటింగ్ చేసింది. కార్డుల గిరాకీ తగ్గాక సొంతంగా ఈ పని పెట్టుకుంది. భర్త సుభాని సరుకు చేరవేస్తాడు. మిగతాదంతా ఆమె చేతి పనే.

మొన్న జూన్‌లో చల్లపల్లి నుంచి దయానందం మాస్టారు వచ్చారు. రిటైరైన టీచరు, అక్కడి చర్చి కమిటీలో కోశాధికారి. చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి, ఆదివారం ఉత్సవానికి నూట ఇరవై నీలం టీషర్టులు కావాలన్నారు. అడ్వాన్సు ఇచ్చి, గోడకున్న పాత ఫోటోను ఫోన్లో తీసి పంపారు. అందులో గోపురం అంచులు మసకగా ఉన్నాయి. ముందు నుంచి కరెంటు తీగలు అడ్డంగా పోతున్నాయి.

బషీరా రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ బొమ్మను గీత గీతగా మళ్లీ గీసింది. తెలుపు, పసుపు, ఎరుపు రంగులు విడదీసి, చట్రానికి పల్చటి గుడ్డ బిగించి ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను తయారు చేసింది. తర్వాత బిల్లు రాసి మాస్టారికి పంపింది. షర్టు ధర, అచ్చు కూలి, వాటి కింద డిజైన్ తయారీకి పదిహేను వందలు, స్క్రీన్లకు రెండు వేలు.

బుధవారం పొద్దున ఆయన ఫోన్ చేశారు.

"ప్రింటింగ్ ఆపమ్మా. కమిటీలో గొడవగా ఉంది. కింద రాసిన మూడున్నర వేలు నా కమీషనంటున్నారు."

"సాయంత్రం నేనొచ్చి చెప్తాను మాస్టారూ," అంది బషీరా.

మూడు స్క్రీన్లూ పాత దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కింది. చర్చి పక్క హాల్లో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. మాస్టారు చివరి కుర్చీలో, ఎవరి వంకా చూడకుండా ఉన్నారు.

రొయ్యల మేత వ్యాపారం చేసే శ్యాంబాబు ముందుగా అందుకున్నాడు. "విజయవాడలో షర్టు నూట ఎనభైకే ఇస్తామన్నారండి. ఈ డిజైన్లూ స్క్రీన్లూ ఏమీ లేవు అక్కడ."

"వాళ్లకి మీ బొమ్మ చూపించారాండి?"

"ఇంకా లేదు."

బషీరా ఒక స్క్రీను విప్పి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. పల్చటి గుడ్డలో గోపురం, గంట, మెట్లు స్పష్టంగా కనిపించాయి. "ఈ రంధ్రాల్లోంచే రంగు దిగుద్దండి. బొమ్మ గీయడం, ఇవి తయారు చేయడం మొదట ఒక్కసారే. పది షర్టులేసినా వెయ్యేసినా ఆ పని అంతే. అందుకే షర్టు రేటులో కలపలేదు. కలిపితే, రేపు మీరింకో యాభై అడిగినప్పుడు చేయని పనికి మళ్లీ డబ్బు తీసుకున్నట్టవుద్ది."

పెద్దావిడ ప్రేమమ్మ లేచి వచ్చి, గోపురం అంచు మీద వేలు పెట్టి చూసింది. "తీగలు తీసేశావే," అంది మెల్లగా. ఒకరిద్దరు తలూపారు.

అప్పుడు బ్యాంకులో పనిచేసే ఝాన్సీ ఫోన్లో బిల్లు చూస్తూ అడిగింది. "స్క్రీను ఐదొందలని రాశారు. రెండు వేలంటే నాలుగు. మీరు తెచ్చినవి మూడేగా?"

బషీరా చేతిలో స్క్రీను కింద పెట్టింది. ఎరుపు స్క్రీను మొదటిసారి, గుడ్డ మీదికి బొమ్మ ఎక్కించేటప్పుడు, లైటు కింద ఎక్కువసేపు ఉండి పాడైంది. మళ్లీ చేయాల్సి వచ్చింది. సామాను నాలుగింటికి ఖర్చయింది కదా అని నాలుగూ రాసేసింది. నీలం గుడ్డ మీద అడుగున ఇంకో తెల్ల పూత వేయాలి, దానికి వేరే స్క్రీను ఇంట్లో ఉంది అంటే సరిపోతుంది. ఆ మాట కాదనేంత పని తెలిసినవాళ్లు అక్కడెవరూ లేరు. మాస్టారు తలెత్తి ఆమె వైపే చూస్తున్నారు.

"నాలుగోది నా తప్పండి," అంది. "ఒకటి నా చేతిలో పాడైంది. అది మీ లెక్కలో రాయకూడదు. రాశాను. ఐదొందలు తీసేస్తాను."

"అంటే బిల్లులో తేడా ఉందన్న మాట నిజమే," అన్నాడు శ్యాంబాబు.

"నిజమేనండి. ఆ తేడా నాది. మాస్టారికి స్క్రీను ఎలా ఉంటదో కూడా తెలీదు. ఆయన నా దగ్గర టీ కూడా తాగలేదు."

శ్యాంబాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "శనివారానికి అందుతాయా?" అన్నాడు చివరికి.

రెండు రోజులు భార్యాభర్తలు వంట కూడా సరిగా చేసుకోకుండా అచ్చు వేశారు. శనివారం మధ్యాహ్నానికి సుభాని షర్టులు అందించి వచ్చాడు.

ఉత్సవం అయిన వారానికి మాస్టారు కోశాధికారి పని మానేశారు. ఆ సంగతి విని బషీరా ఫోన్ చేసింది. తనవల్లేనా అని అడిగింది.

"నీవల్ల కాదమ్మా. రెండు రోజులు నన్ను దొంగని చూసినట్టు చూశారు. వాళ్ల పక్కన కూర్చుని మళ్లీ లెక్కలు రాయలేను," అన్నారాయన.

ఆ మాట ఆమెను చాలా రోజులు వదల్లేదు. ఇప్పుడు ఆర్డరిచ్చినవాళ్లను ముందు షెడ్డులో కూర్చోబెడుతుంది. ఎన్ని రంగులు, ఎన్ని స్క్రీన్లు, దేనికెంత అన్నది వాళ్ల ముందే కాగితం మీద రాస్తుంది. అంత రేటా అని కొందరు లేచి వెళ్లిపోతారు. ఆమె ఆపదు.