బోల్టుల షెడ్డులో పానా దెబ్బ

కల్లూరులో షేర్ ఆటో ఎక్కినవాళ్లందరి చెవినా ఇప్పుడు ఒక కథ పడుతోంది. బోల్టుల షెడ్డులో పనివాళ్లకు శిక్షణ ఇచ్చే ప్రేమజ్యోతి, తనకన్నా పదకొండేళ్లు చిన్నవాడైన వీరేంద్ర మీద మనసు పడిందట. వాడు కాదన్నాడట. ఆ కసి కొద్దీ పానా అందుకుని వాడి చెయ్యి విరగ్గొట్టిందట. ఇందులో పానా నిజం, చెయ్యి విరగడం నిజం. మిగతాదంతా ఆటోలో సీట్లు నిండేదాకా పొద్దుపోనివాళ్లు అల్లింది. ఆ మాటను నోరారా మోసినవాళ్లు వీరేంద్ర తల్లి చౌడమ్మ వెంట ఒకసారి నడిచిరావాలి. అందరికన్నా ముందు నమ్మింది ఆమే. అందరికన్నా ముందు అనుమానపడిందీ ఆమే.

చౌడమ్మకు ఆటో స్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీల బండి ఉంది. ఆ మంగళవారం పొద్దున మూకుడులో మిరపకాయ బజ్జీలు వేగుతుండగా కబురొచ్చింది. స్టవ్ ఆపిందో లేదో ఆమెకే గుర్తు లేదు. కర్నూలు పెద్దాసుపత్రికి పోయేసరికి కొడుకు కుడిచెయ్యి చెక్కపేళ్ల మధ్య కట్టేసి ఉంది. వేళ్లు వంకాయల్లా ఉబ్బి, నీలంగా మారాయి.

“ఎవురు కొట్టినార్రా?”

“మేడం.”

“ఎందుకు?”

వీరేంద్ర గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇరవై మూడేళ్ల కొడుకు గోడవైపు తిరిగితే ఏ తల్లి అయినా ఏమనుకుంటుంది? ఆసుపత్రికి వచ్చిన ఆటోలోనే ఆ కథ ఆమె చెవిలో పడింది. ఆ రెండూ కలిపి చూసుకుంది. కడుపులో మంట లేచింది.

మర్నాడు ఆమె తమ్ముడు మద్దిలేటి డోన్ నుంచి దిగాడు. లారీలకు సరుకెత్తించే పని అతనిది. నోటికన్నా చెయ్యి ముందు లేస్తుంది. మేనల్లుడిని చూసి, “ఆడది కొడితే తిని వచ్చినావా? థూ!” అని, ఆ పూటే గడ్డపార భుజాన వేసుకుని చర్చి వెనక సందులోకి నడిచాడు. ప్రేమజ్యోతి అద్దె గది అక్కడే. చౌడమ్మ వెనకే పోయింది. ఆపడానికి కాదు, చూడడానికి.

మద్దిలేటి ముందు రెండు కిటికీ అద్దాలు పగలగొట్టాడు. తర్వాత స్కూటీని సందులోకి ఈడ్చి గడ్డపారతో బాదాడు. లైటు పగిలింది. హ్యాండిల్ వంగింది. ట్యాంకు చీలింది. ఒక్కో దెబ్బకు చౌడమ్మ గుండెల్లో మంట కొంచెం కొంచెం చల్లారుతూ వచ్చింది. చుట్టుపక్కల వాళ్లు తలుపులు వేసుకున్నారు, కిటికీలు మాత్రం తెరిచే ఉంచుకున్నారు. ప్రేమజ్యోతి గడప మీద నిలబడి చూస్తూ ఉండిపోయింది.

“పెట్రోలు కారతాండాదప్పా. నోట్లో బీడీ తీసేయ్, కాలిపోతావు” అంది.

మద్దిలేటి కిందికి చూశాడు. పాదాల చుట్టూ పెట్రోలు మడుగు కట్టి ఉంది. నాలుగడుగులు వెనక్కి దుమికి, బీడీని నలిపి, ఆ తర్వాత ఇంక ఏం చెయ్యాలో తెలియక గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు. ఒక కిటికీలోంచి నవ్వు కూడా వినిపించింది.

చౌడమ్మకు మాత్రం నవ్వు రాలేదు. తన బండిని బద్దలు కొడుతున్నవాడు కాలిపోకూడదని చూసే మనిషి, పెళ్లికి ఒప్పుకోలేదని ఒకడి చెయ్యి విరుస్తుందా? ఆ ప్రశ్న ఆమెను ఇంటిదాకా వెంటాడింది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో కారు ఉంది. షెడ్డు యజమాని నాగన్న యాపిల్ పండ్ల సంచి పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఎన్నడూ చౌడమ్మ వాకిలి తొక్కినవాడు కాడు.

“అక్కా, ఫిర్యాదు రాయించినా. పిల్లోడు నీ మాట మీదే ఉండాడు, అమ్మ ఎట్లంటే అట్ల అన్నాడు. రేపు పొద్దున కారు పంపిస్తా, స్టేషన్లో సంతకం పెట్టు. దాన్ని లోపలేస్తారు. మల్ల ఈ జిల్లాలో యాడా శిక్షణ ఇయ్యదు.”

చౌడమ్మ ఐదో తరగతి దాకా చదివింది. కాగితం తీసుకుని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. మేడం కక్షతో కొట్టిందని ఉంది. పానాతో అని ఉంది. మళ్లీ మొదటినుంచి చదివింది.

“నాగన్నా, మావోడు ఏ మిషన్ కాడ ఉండాడో ఇందులో ల్యాదే?”

“మిషన్‌తో మనకేం పని అక్కా? కొట్టింది మనిషి గదా.”

“అవును, కొట్టింది మనిషే” అంది చౌడమ్మ. కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. పండ్ల సంచి మాత్రం తిరిగి కారులో పెట్టించింది.

గురువారం పొద్దున కారు వచ్చింది. తలనొప్పి అని చెప్పి, శుక్రవారం రమ్మని పంపేసింది. మధ్యాహ్నం అన్నం వేళకు షెడ్డు వెనక గేటు నుంచి లోపలికి పోయింది. అక్కడ మహిమ ఉంటుంది. ఒక్కో బోల్టుకు నట్టు ఎక్కించి, మరలు సరిగా ఉన్నాయో లేదో చూసి, డబ్బాల్లో సర్దే పని మహిమది. వీరేంద్ర మిషన్‌కు ఎదురుగానే ఆమె బల్ల.

“చౌడమ్మక్కా, నోటితో చెప్తే నమ్మవు. రా, చూపిస్తా” అని చెయ్యి పట్టుకుని మిషన్ దగ్గరికి తీసుకుపోయింది.

గుండ్రటి తల ఉన్న బోల్టును అచ్చులో నిలబెడితే, పైనుంచి ప్రెస్సు దిగి ఆ తలను ఆరు పలకలుగా కోస్తుంది. మిషన్‌కు అటొకటి, ఇటొకటి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్సు దిగాలి. అప్పుడు రెండు చేతులూ బయటే ఉంటాయి. కానీ ఈ షెడ్డులో పనితనం అంటే వేరు. కుడి బటన్ నొక్కే ఉండేలా సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేస్తారు. ఎడమచెయ్యి ఒక్కటి నొక్కితే చాలు. కుడిచెయ్యి బోల్టులు పెడుతూ, తీస్తూ ఉంటుంది. పని రెండింతలు వేగం. రెండు చేతులతో నొక్కేవాణ్ని ‘పెళ్లికూతురా’ అని పిలుస్తారు. వీరేంద్ర మొదటి వారం రెండు చేతులతోనే నొక్కాడు. ఆ పిలుపు పడలేక, రెండో వారం ట్యూబు కట్టాడు.

“నాగన్నకు తెల్దా?” అంది చౌడమ్మ.

“తెల్దా? ట్యూబులు తెప్పించేదే ఆయన!” అంది మహిమ.

ప్రేమజ్యోతి ఈ షెడ్డుకు వచ్చింది సర్కారు తరఫున ఆరు వారాలు శిక్షణ ఇవ్వడానికి. మొదటి రోజు ఏం చేసిందో మహిమ చెప్పింది. మాంసం అంగడి నుంచి పొట్టేలు కాలు తెచ్చింది. దానికి పనివాళ్ల గ్లౌజు తొడిగింది. అందరినీ చుట్టూ నిలబెట్టి, ఆ కాలిని అచ్చు మీద పెట్టి, తను దూరంగా జరిగి, ట్యూబు కట్టిన మిషన్ ఎడమ బటన్‌ను కర్రతో నొక్కింది. పచ్చి చెరుకు విరిచినట్టు శబ్దమైంది. గ్లౌజు రెండు ముక్కలైంది. మూలుగ చిమ్మి ముందు నిలబడినవాళ్ల చొక్కాల మీద పడింది.

“నీ కొడుకు ఏమన్నాడో తెల్సా అక్కా? ‘మేడం, రేపు తలకాయ తీస్కరాండి, పులుసు పెట్టుకుందాం’ అన్నాడు. అందరూ ఒకటే నవ్వుడు.”

ప్రేమజ్యోతి నవ్వలేదట. బ్లేడు తీసుకుని ఒక్కో మిషన్ దగ్గరికి పోయి ట్యూబులన్నీ కోసేసింది. తర్వాత అందరినీ నేల మీద కూర్చోబెట్టి తన సంగతి చెప్పింది. పత్తికొండ దగ్గర పల్లె వాళ్లది. చిన్నప్పుడు మార్కెట్లో టమాటా పెట్టెలు మోసింది. డోన్‌లో ఐటీఐ చదివింది, ఫిట్టర్ క్లాసులో ఒక్కతే ఆడపిల్ల. తర్వాత కడప దగ్గర ఒక బోల్టుల షెడ్డులో అన్న యేసుప్రసాద్‌తో పాటు చేరింది. ఒకరోజు అన్న, “ఈ ట్యూబు కొంచెం గట్టిగా కట్టు జ్యోతీ, జారిపోతాండాది” అన్నాడు. ఆమె కట్టింది, గట్టిగానే. మధ్యాహ్నానికి అన్న నాలుగు వేళ్లు అచ్చులో ఉన్నాయి. వాటిని ఏరి గ్లౌజులో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది ఆమే. అతకలేదు.

“అది చెప్పినప్పుడు ఎవురూ నవ్వలేదు” అంది మహిమ. “మర్నాడు పొద్దునకే ట్యూబులన్నీ మల్ల కట్టినారు, అది వేరే కత.”

అప్పటినుంచి రోజూ అదే యుద్ధం. ఆమె కొయ్యడం, వీళ్లు కట్టడం. మంగళవారం ఆమె వీరేంద్ర పక్క మిషన్‌కు అచ్చు మారుస్తోంది. చేతిలో అచ్చు బోల్టులు విప్పే పెద్ద పానా, మూరెడు పొడవు. వీరేంద్ర పెట్టిన బోల్టు అచ్చులో పక్కకు ఒరిగింది. దాన్ని సర్దడానికి కుడిచెయ్యి లోపల పెట్టి, మహిమ వైపు తిరిగి ఏదో ఎగతాళి మాట అంటున్నాడు. మాటల్లో పడి, ఒరిగి, ఎడమ అరచేతి మీద బరువు వేశాడు. ఆ అరచెయ్యి బటన్ మీద ఉంది.

“నేను చూసినా అక్కా. నా నోరు పెగల్లేదు. మేడం అరవనే అరవలేదు, అరిస్తే వాడు తిరిగి ఆమెను చూస్తాడే గానీ చెయ్యి తీడు గదా! పానా తిప్పి, వాని చెయ్యి బయటికి పోయేటట్టు అచ్చు పక్క నుంచి కొట్టింది. ఎముక విరిగిన శబ్దం, ప్రెస్సు దిగిన శబ్దం రెండూ ఒకటిగా వచ్చినాయి. నేను కండ్లు మూసుకున్నా. తెరిచి చూసేసరికి వాడు కింద పడి దొర్లుతాండాడు. చెయ్యి ఉండాది. ఐదు వేళ్లూ ఉండాయి.”

మహిమ చూపించిన చోట చౌడమ్మ తలవంచి చూసింది. వీరేంద్ర సర్దబోయిన బోల్టు నలిగిపోయి, అచ్చుకు అతుక్కుని, ఇంకా అక్కడే ఉంది. కొడుకు వేళ్లు అక్కడ ఉండాల్సినవి. చౌడమ్మ బోల్టుల డబ్బా మీద కూలబడి, నీళ్లడిగి తాగి, రవికలోని కాగితం తీసి చింపబోయింది. మళ్లీ ఎందుకో ఆగింది. మహిమ కళ్లు మూసుకున్నానని చెప్పింది కదా, కొడుకు కళ్లు తెరిచే ఉన్నాడు కదా. వాడు గోడవైపు ఎందుకు తిరిగాడు?

నేరుగా పెద్దాసుపత్రికి పోయింది. వార్డులో ఎముకల డాక్టరు వీరేంద్ర ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు.

“ఇదిగోమ్మా, మణికట్టు దగ్గర ఒకటి, జానెడు పైన ఇంకొకటి. మొదటిది పక్క నుంచి తగిలింది. రెండోది పైనుంచి. రెండు దెబ్బలు. ఈ రెండోదానికే ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాల.”

చౌడమ్మ మంచం దగ్గరికి వచ్చింది. “రెండు సార్లు కొట్టిందంట గదరా. చెయ్యి కాపాడనీకి ఒకటి చాలు గదా. రెండోది ఎందుకు కొట్టింది?”

వీరేంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. “నన్ను అడగొద్దుమ్మా. ఆమెనే అడుగు.”

ఇప్పుడు ఆమె కడుపులో మంట మళ్లీ లేచింది, కానీ అది మొన్నటి మంట కాదు. ఒక్క దెబ్బ అయితే దేవత. రెండు దెబ్బలైతే ఏమిటి? తెల్లవారితే కారు వస్తుంది. సంతకం పెడితే, కొడుకు చెయ్యి నిలబెట్టిన మనిషి జైలుకు పోతుంది, షెడ్డులో ట్యూబులు కోసేవాళ్లు ఉండరు. పెట్టకపోతే, కొడుకు ఎముకను ఊరికే విరిచినవాళ్లను వదిలేసినట్టు.

పొద్దు వాలేవేళకు చర్చి వెనక సందులోకి పోయింది. ప్రేమజ్యోతి గదిలో చీపురుతో గాజుపెంకులు ఊడుస్తోంది. అరికాలు తెగి, పాత గుడ్డ చుట్టి ఉంది. చౌడమ్మను చూసి చీపురు పక్కన పెట్టి, ఉన్న ఒక్క కుర్చీ జరిపింది. చౌడమ్మ కూర్చోలేదు.

“నీ అన్న సంగతి తెలిసె. మొదటి దెబ్బ సంగతీ తెలిసె. దానికి నీ కాళ్లు మొక్కమన్నా మొక్కుతా పాపా. కానీ రెండోది నా కొడుక్కు ప్లేటు ఏపిస్తాండాది. రేప్పొద్దున నా సంతకం అడుగుతారు. నాకు నీ నోటితోనే చెప్పు. అది ఎందుకు కొట్టినావు?”

ప్రేమజ్యోతి తల దించుకోలేదు.

“చెయ్యి బయటపడినాక కొట్టినా పెద్దమ్మా. ప్రెస్సు దిగింది, వాని వేళ్లు లెక్కబెట్టుకుంటి, ఐదూ ఉండాయి. అప్పుడు వాడు నా మొగం చూసి నవ్వినాడు. భయానికి నవ్వినాడని ఇప్పుడు తెలుస్తాండాది, అప్పుడు తెలియలేదు. ఆ నవ్వుకు కొట్టినా. కాపాడనీకి కాదు, కోపానికే. నువ్వు రాయించుకుంటే రాయించుకో, స్టేషన్లో అడిగినా ఈ మాటే చెప్తా.”