మా గాజుల షాహీన్‌ని చంపింది జబ్బొక్కటే కాదు

నిన్న పొద్దున స్కూలుకు వెళ్తూ ఐరాల బస్సులో ఉండగా రఫీ ఫోన్ చేశాడు.

"అక్కా... మా ఆపా పోయిందక్కా."

"ఏ ఆపా?" అన్నాను. వాడికి ఉన్నది ఒక్కతే అక్క. నా బుర్ర పనిచేయలేదు.

షాహీన్. టెన్త్ దాకా నా పక్క బెంచీ కూడా కాదు, నా బెంచీయే. చిత్తూరు బజారులో వాళ్ళ నాన్న గాజుల కొట్టును ఆయన తర్వాత తనే నడిపింది. నలభై కూడా నిండలేదు.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి సీమంతం గాజులు వేసింది తనే.

"సెయ్యి వదులుగా పెట్టు మే. బిగబడితే గాజు యాడ ఎక్కతాది?"

అలా కసురుతూనే అరచేతిని ఒత్తి, బొటనవేలు లోపలికి మడిచి, మనం కబుర్లలో ఉండగానే చేతినిండా ఎక్కించేసేది. ఒక్కటి చిట్లితే ఒట్టు.

ఆ చేతులకే వచ్చింది రోగం.

స్క్లెరోడెర్మా. ఒంట్లో అవయవాలను పట్టి ఉంచే కనెక్టివ్ టిష్యూ గట్టిపడి చర్మం బిగుసుకుపోయే జబ్బు. ముందు వేళ్ళు బిగిశాయి. తర్వాత ముఖం. నోరు సరిగా తెరుచుకోక మామిడిపండు కూడా సన్నగా తరుక్కుని తినేది, మధ్యమధ్యలో జబ్బును ఉర్దూలో తిట్టుకుంటూ.

ముఖం మీద ముడతలు లేవని "ఏం క్రీమ్ వాడతావు షాహీన్?" అని అడిగిన మహాతల్లులు కూడా ఉన్నారు.

ఇది అంటుకునే జబ్బు కాదు.

మళ్ళీ రాస్తున్నా. అంటుకునే జబ్బు కాదు.

పోయిన ఏడాది ఒక సీమంతానికి తనకు తోడుగా వెళ్ళాను. పిల్ల చెయ్యి చాపింది. వాళ్ళ అత్త మధ్యలోకి వచ్చేసింది.

"గాజులు ఆడ పెట్టి పో మే. మేమే ఏసుకుంటాం. కడుపుతో ఉండే బిడ్డ."

షాహీన్ గాజులు పెట్టేసి, నవ్వబోయింది. బిగిసిన ముఖం, నవ్వు రాలేదు. "ఎంత పొగరో సూడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఆ అత్తగారే నిన్న నా స్టేటస్‌కి "బంగారం లాంటి మనిషి" అని మెసేజ్ పెట్టారు. బ్లాక్ చేశాను. ఈ పోస్ట్ ఎవరైనా ఆమెకు చూపించినా నాకు అభ్యంతరం లేదు.

ఆ రోజు ఆటోలో షాహీన్ అంది, "నా సేతులు నాకు మళ్ళా కావాల మే. ఇంకేం వద్దు."

ఆ ఆశ మీద పడ్డారు వాళ్ళు.

బెంగళూరులో ఒక స్టెమ్ సెల్ క్లినిక్. పేరు రాసేదాన్నే, రఫీ వద్దన్నాడు. సెలైన్‌లో ఎక్కిస్తే సెల్స్ నేరుగా చర్మానికి వెళ్ళి బాగుచేస్తాయట. వాటికి దారి ఎలా తెలుస్తుందని నేనే అడిగాను.

"మా సెల్స్‌కి జీపీఎస్ ఉంటుంది మేడం" అన్నాడు ఆ తెల్లకోటు వాడు.

జీపీఎస్ అంట!

తిరుపతిలో తనను చూసే డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. "రక్తంలోకి వదిలితే శానా సెల్స్ ఊపిరితిత్తుల్లోనే ఇరుక్కుంటాయమ్మా. వాటిని చర్మం దాకా ఎట్లా నడిపించాలా అని ఇంకా రీసెర్చ్ జరగతా ఉండాది. నిజంగా వచ్చిన రోజు నేనే పిలిచి చెప్తా. అంతదాకా మాత్రలు మానొద్దు."

ఆ రీసెర్చ్ చేసేవాళ్ళకు రెండు చేతులా దండం పెడతాను. ఇంకా వేయని రోడ్డుకు టికెట్లు అమ్మేవాళ్ళను మాత్రం ఏం చేసినా పాపం లేదు.

మొదటి సిట్టింగ్ అయ్యాక, పాత మాత్రలు కొత్త సెల్స్‌ని చంపేస్తాయి, ఆపేయమన్నారు.

ఆపేసింది.

"ఏలు కొంచెం వంగతా ఉండాది సూడు మే" అని చూపించింది. నాకేం తేడా కనబడలేదు. అదే చెప్పాను, మాత్రలు వేసుకోమని పోట్లాడాను. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

తర్వాత ఆయాసం. చర్మాన్ని బిగించే ఈ జబ్బే ఊపిరితిత్తుల్నీ బిగిస్తుంది, ఇన్నాళ్ళూ దాన్ని అదుపులో ఉంచింది ఆ మాత్రలే. మెట్లు ఎక్కలేకపోయింది. తిరుపతికి తీసుకెళ్ళేసరికి ఊపిరితిత్తుల పరిస్థితి చేయి దాటిపోయింది. డాక్టరమ్మ తిట్టలేదు. "మాత్రలు ఎందుకు ఆపినావు తల్లీ" అని మాత్రం అడిగింది. షాహీన్ గోడవైపు తిరిగి పడుకుంది.

నిన్న సాయంత్రం మట్టి ఇచ్చారు.

ఈ రోజు పొద్దున వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉంటే షాహీన్ ఫోన్ మోగింది. రఫీ చూసి, మాట్లాడలేక నా చేతిలో పెట్టాడు. క్లినిక్ అమ్మాయి.

"మేడం, సెకండ్ సిట్టింగ్ ఎప్పుడు పెట్టుకుందాం?"

"షాహీన్ చనిపోయింది" అన్నాను.



"అయ్యో, సారీ మేడం." మళ్ళీ తనే, "ఫ్యామిలీలో ఇంకెవరికైనా స్కిన్ ప్రాబ్లం ఉందా మేడం?"

ఏం తిట్టానో నాకే గుర్తులేదు. వాళ్ళమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది.

మీ ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా ఉంటే, మాత్రలు ఆపమన్నవాడి గుమ్మం తొక్కొద్దు. ముందు మీ డాక్టర్ని అడగండి. దీన్ని షేర్ చేయండి, నా పేరు తీసేసినా ఫర్వాలేదు.

వెళ్ళిరా షాహీన్.

నా కోపం ఇప్పట్లో చల్లారదు. నీకైనా అల్లా నెమ్మది ఇవ్వాలి.