నా గోతిలో అరటి గెల

మా ఆయన పెట్టె నీళ్ళలో తేలింది. ముందు ఈ మాట రాయమని మా అమ్మాయితో చెప్పాను. నాకు సంతకం వరకే వచ్చు. చెప్పేది నేను, రాసేది అది.

డెబ్భైలలో మాట. అమలాపురం దగ్గర కాలవగట్టు మీద మా పేట. మా ఆయన కొబ్బరి దింపులు తీసేవాడు. ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కినవాడు, కామెర్లు వచ్చి పదిహేను రోజుల్లో పోయాడు. నిండు వానాకాలం. మా సమాధుల తోట కాలవకీ వరిచేలకీ మధ్యన పల్లంలో ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడ రెండడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి. గొయ్యి తవ్వడం అయ్యేసరికి సగానికి నిండింది.

పాస్టరుగారు ప్రార్థన ముగించారు. పెట్టె దించారు. అది మునగలేదు. ఒక పక్కకి ఒరిగి పైకి లేచింది. అప్పుడు మా మరిది, ఇంకో ఇద్దరు దిగి పెట్టె మీద నిలబడ్డారు. పైనుంచి మట్టి పోస్తున్నారు.

"బేగా పొయ్యండ్రా, కాలు జారిపోతంది!" అని మరిది అరిచాడు. ఎవడో కిసుక్కున నవ్వాడు.

ఆడవాళ్ళ మధ్య దూరంగా నిలబడి చూస్తున్న నా ఏడుపు అక్కడితో ఆగిపోయింది. నన్ను మాత్రం ఎవరూ ఇలా తొక్కి పాతకూడదు అనుకున్నాను. నేను ఆయన పక్కనే ఉండాలి, తడవకుండా ఉండాలి. అంతకు మించి ఈ లోకంలో నేను కోరింది లేదు.

కొబ్బరి డొక్కలు నానబెట్టి, కొట్టి, పీచు తీసి తాళ్ళు పేనడం నా పని. అయిదారేళ్ళు పేనాను. రెండు మేకలు పెంచి అమ్మాను. చేతిలో ఆ కాస్త పడ్డాక సంఘం పెద్దగారింటికి వెళ్ళాను. ఆయన బడిపంతులు. సమాధుల తోటలో సిమెంటు సమాధి కట్టుకోవాలంటే ఆయన దగ్గరే డబ్బు కట్టాలి.

"ఎవరికమ్మా?" అన్నారు పుస్తకం తెరుస్తూ.

"నాకేనండి. మా ఆయన పక్కన చోటు."

ఆయన కళ్ళజోడు తీసేశారు. "బతికున్నోళ్ళకి ఇవ్వడం మన సంఘంలో లేదమ్మా. అయినా నీకేం తొందర?"

"తొందర నాది కాదండి. ఆ చోటు ఇంకెవరైనా తీసేసుకుంటారని."

చాలాసేపు గునిసి, పాస్టరుగారిని అడిగొచ్చి, చివరికి డబ్బు తీసుకున్నారు. రశీదు అడిగాను. "ప్రభువునందు నిద్రించిన" అని అచ్చు వేసి, పక్కన పేరు రాయడానికి ఖాళీ ఉందట. పంతులుగారు కలం పట్టుకుని ఆగిపోయారు.

"అది కొట్టెయ్యండి. నేను మెలకువగానే ఉన్నాను కదండీ," అన్నాను.

కొట్టేసి ఇచ్చారు. ఆ కాగితం నా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది.

ఇంటికొచ్చేసరికి మరిది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "ఏంటి వదినా ఇది? మేం చచ్చేమా? మేమంతా ఉండగా నీ గొయ్యి నువ్వే కట్టించుకుంటే నలుగురూ మా మొహాన ఉమ్మరా?"

"మీ అన్న పెట్టె మీద నిలబడింది నువ్వే కదా బాబూ."

"మరేం చెయ్యమంటావు? తేలిపోతంటే?"

"ఏం చెయ్యాలో తెలిసింది. అందుకే కట్టించుకుంటున్నాను."

లేచి వెళ్ళిపోయాడు. చాలా కాలం నాతో మాటల్లేవు. వాడి మీద కోపం ఉందా అంటే లేదు. ఆ రోజు వాడు చేసింది తప్పు కాదు. కానీ నా చెవిలో ఆ అరుపు అలాగే ఉంది.

తాపీ మేస్త్రి మండపేట నుంచి వచ్చేవాడు. నన్ను కొలవమంటే రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దండి పిన్నిగారూ. బతికున్న మనిషిని సమాధికి కొలవకూడదండి. నాకు పిల్లలున్నారండి." సరే అని ఇంట్లో నేల మీద పడుకుని, నేను పేనిన తాడే మా అమ్మాయి చేత తల నుంచి పాదం దాకా పట్టించి ముడి వేయించాను. అది ఏడుస్తూనే వేసింది. పెట్టెకని ఇంకో జానెడు కలిపి తాడు మేస్త్రి చేతిలో పెడితే, అప్పుడు ఆయనకి అభ్యంతరం లేదు. తాడునైతే కొలవొచ్చట!

జొన్నాడ వైపు బట్టీ నుంచి ఇటుక తెప్పించాను. మోకాలెత్తు మెరక చేసి, దాని మీద నాలుగు గోడలు లేపించాను. నీరు పోవడానికి అడుగున చిన్న తూము పెట్టించాను. గొయ్యి అంటున్నాను గానీ అది నేలకి పైనుండే తొట్టి. పైన పలక వెయ్యడానికి మేస్త్రి కూలి కూడా ముందే ఇచ్చేశాను. ఎవరి దయా నాకు అక్కర్లేకుండా చేసుకున్నాను.

ఆ ఏడే పేటలో వరసగా ముగ్గురు పోయారు. అంతే, నోళ్ళు లేచాయి. ఖాళీ గొయ్యి ఊరుకోదు, మనిషిని పిలుస్తుందని. ఎక్కడైనా తవ్విన గొయ్యి వాడకుండా మిగిలిపోతే మావాళ్ళు మనిషికి బదులు ఒక అరటిబోదె నరికి అందులో పూడుస్తారు. చర్చిలో ఎవరూ ఆ మాట ఎత్తరు, బయట అందరూ చేస్తారు. పంతులుగారు కూడా నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, "జనం భయపడుతున్నారమ్మా, ఒక బోదె పూడ్చేస్తే పోతుంది కదా," అన్నారు.

పూడ్చేస్తే అది ఆ బోదె సమాధి అవుతుంది. నాది కాదు. నా డబ్బుతో కట్టించి ఇంకొకరికి ఎందుకివ్వాలి, చచ్చిన అరటిచెట్టుకైనా సరే!

"అరటే కదండీ మీకు కావలసింది? అలాగేనండి," అన్నాను.

మర్నాడు కాలవలోంచి ఒండ్రు మోసి, తొట్టి నిండా పోసి, బొంత అరటిపిలక నాటాను. చచ్చిన బోదె కాదు, బతికున్న పిలక. గొయ్యి ఖాళీగా లేదు కదా, ఇంక ఎవరేమంటారు? మనిషి పిచ్చిదైపోయిందన్నారు. అననిచ్చాను. పిలక మాత్రం నా గోడల మధ్య ఏపుగా లేచింది.

అది గెల వేసిన వానాకాలంలోనే పంతులుగారి తల్లి పోయింది. ముసురు మూడు రోజులుగా విడవలేదు. పంతులుగారు గొడుగు కూడా లేకుండా తడుస్తూ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు.

"నీ సమాధి అమ్మకి ఇవ్వమ్మా. వానలు తగ్గేక నీకు కొత్తది కట్టిస్తాను. నా మాట నమ్ము."

ఆయనని అలా చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఇచ్చేస్తే పేటంతా నన్ను మంచిదంటుంది. ఆ మంచి పేరు కప్పుకుంటే నేను తడవకుండా ఉంటానా?

"ఇవ్వనండి," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి వానలోకి దిగబోయారు.

"ఇవ్వను గానీ మీ అమ్మగారిని ఎవరూ తొక్కరు. పదండి."

నాతోపాటు డొక్కలు కొట్టే ఆడవాళ్ళు ఆరుగురిని లేపాను. నానిన డొక్కల గోతుల్లోంచి నీళ్ళు తోడడం మాకు రోజూ ఉన్న పనే. మా పేటలో ఆడవాళ్ళు సమాధి గొయ్యి అంచుకి రారు. ఆ రోజు గోతిలోకే దిగాం. మోకాటి లోతుకి మించి తవ్వనివ్వలేదు. పాస్టరుగారు వాక్యం చదువుతున్నంతసేపూ మేం తోడుతూనే ఉన్నాం. చివరి బిందె పైకి అందగానే మగవాళ్ళు ఇసుక పోశారు, పెట్టె దించారు. అది కదల్లేదు. పైన మట్టి దిబ్బలా ఎత్తుగా మెత్తాం. పంతులుగారు నా చేతిలోంచి బిందె తీసుకుని పక్కన పెట్టారు.

గెల ముదిరాక కోసి, ఇంటింటికీ నాలుగేసి కాయలు పంపాను. సమాధిలో కాసిన కాయలని కొందరు కాలవలో పారేశారు. మరిది మాత్రం కూర వండించుకుని తిన్నాడు. "ఉప్పు తక్కువైంది వదినా," అన్నాడు. అదే మళ్ళీ మా మాటలు కలిసిన రోజు.

ఒకరోజు పంతులుగారు వచ్చి, వాళ్ళమ్మ పక్కన తనకీ గోడలు లేపిస్తున్నానని చెప్పారు. "ఒక పిలక ఇస్తావా అమ్మా?"

"ఇస్తానండి. రశీదు రాసుకున్నారా?"

"ఆయ్, రాసుకున్నాను," అని నవ్వారు. "నేనూ కొట్టేసుకున్నాను ఆ మాట."

ఇప్పుడు నా గోతిలో ఉన్నది ఆ మొదటి పిలకకి మనవరాలో మునిమనవరాలో. రాస్తున్న అమ్మాయితో చెబుతున్నాను. నేను పోయిన రోజున చెట్టు కొట్టి, ఒండ్రు తీసి, నన్ను మీ నాన్న పక్కన దించండి. పలక వెయ్యండి, కూలి ఇవ్వకండి, మేస్త్రికి ఇచ్చేశాను. చెట్టుకి గెల ఉంటే ముదిరేదాకా ఆగకండి. లేతకాయలే కూర వండి వచ్చినవాళ్ళకి పెట్టండి. ఉప్పు సరిగ్గా వెయ్యండి.